పక్షవాతం తర్వాత బిగుసుకున్న గుప్పిట: రోబో గ్లౌజు ఎంతవరకు తెరవగలదు

పక్షవాతం నుంచి కోలుకునేటప్పుడు సాధారణంగా ముందు కాలు కదులుతుంది, ఆ తర్వాత భుజం, మోచెయ్యి. వేళ్ల వంతు అన్నిటికన్నా ఆఖరున వస్తుంది. చాలామందికి ఆ వంతు రానేరాదు. మనిషి కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచి వస్తాడు గానీ చొక్కా బొత్తాం పెట్టుకోలేడు, అన్నం కలుపుకోలేడు. ఈ వేళ్ల కోసమే ఇప్పుడు 'రోబో గ్లౌజు' పేరుతో గాలి పంపుతో నడిచే తొడుగులు ఆన్‌లైన్‌లో కొన్ని వేల రూపాయలకు దొరుకుతున్నాయి. కోనసీమలో ఉన్న తండ్రి కోసం ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలు వీడియో చూసి ఆర్డరు పెడతారు. పెట్టె ఇంటికొచ్చాక అది ఎలా తొడగాలో, ఎంతసేపు నడపాలో, అసలు ఆ చేతికి పనికొస్తుందో లేదో చెప్పేవాళ్లు ఉండరు.

క్లుప్తంగా: మెత్తటి రోబో గ్లౌజు రెండు పనులు చేస్తుంది. తనంతట తెరుచుకోలేని చేతిని తెరుస్తుంది. ఆ కదలికను వందలసార్లు చేయిస్తుంది. మెదడుకు కదలిక నేర్పేది మాత్రం మనిషి ప్రయత్నమే. గాలితో నడిచే చవక గ్లౌజులకు వేళ్లు మూయడంలో ఉన్న బలం తెరవడంలో ఉండదు. పక్షవాతం చేతికి కావలసింది తెరవడం. అందుకే చెయ్యి ఎంత బిగుసుకుంది, వేళ్లలో కాస్తయినా కదలిక మిగిలిందా అన్నవే కొనాలా వద్దా అన్నది తేలుస్తాయి.

చెయ్యి ఎందుకు ముడుచుకుపోతుంది

మెదడులో చేతి వేళ్లను నడిపే భాగం చాలా పెద్దది. పక్షవాతంలో ఎక్కువగా దెబ్బతినే మధ్య మస్తిష్క ధమనే ఆ భాగానికి రక్తం అందిస్తుంది. అక్కడి నుంచి వెన్నుపాములోకి దిగే నరాల దారి తెగితే ఒక్కో వేలిని విడిగా కదిపే నేర్పు పోతుంది. అప్పుడు మెదడు కాండం నుంచి వచ్చే పాత దారులు పగ్గాలు తీసుకుంటాయి. ఆ దారులు చేతిని తెరిచే కండరాల కన్నా మడిచే కండరాలకే ఎక్కువ ఆజ్ఞలు పంపుతాయి. మడిచే కండరాలు పుట్టుకతోనే బలమైనవి కూడా. దాంతో మోచెయ్యి మడత పడి, మణికట్టు కిందికి వాలి, బొటనవేలు లోపల చిక్కుకుపోయిన గుప్పిట తయారవుతుంది.

ఇక్కడ రెండు వేర్వేరు ఇబ్బందులను జనం ఒకే మాటతో 'చెయ్యి పట్టేసింది' అంటారు. వాటిని విడదీసి చూడకపోతే ఏ పరికరమూ సరిగ్గా కుదరదు. మొదటిది బిగువు. వేలిని గబుక్కున లాగితే కండరం ఎదురు తిరుగుతుంది, నెమ్మదిగా లాగితే లొంగుతుంది. రెండోది నిజంగానే కుదించుకుపోవడం. నెలల తరబడి మడిచే ఉంచిన కండరం పొట్టిదవుతుంది, కీలు చుట్టూ ఉన్న పొర గట్టిపడుతుంది. ఇబ్బంది కండరానిదా, కీలుదా అన్నది ఫిజియోథెరపిస్టు చిన్న పరీక్షతో చూస్తారు. మణికట్టును పూర్తిగా కిందికి వంచి, వేళ్లను మెల్లగా తెరుస్తారు. మణికట్టు వంగినప్పుడు వేళ్లను మడిచే కండరాల పొడవాటి తాళ్లు (స్నాయువులు) వదులవుతాయి కాబట్టి, అప్పుడు వేళ్లు చాపుకుంటే కీళ్లు బాగున్నట్టే, బాధంతా కండరానిది. అప్పటికీ వేలు చాపుకోకపోతే కీలే పట్టేసినట్టు. అలాంటి వేలిని ఏ గ్లౌజూ తెరవలేదు, తెరవబోతే హాని చేస్తుంది.

మూడో ఇబ్బంది కంటికి కనిపించదు. పడిపోయిన చేత్తో ఏ పని చెయ్యబోయినా విఫలమవుతుంటే మనిషి మంచి చేతికే అలవాటు పడిపోతాడు. కొంత కోలుకున్నాక కూడా ఆ చేతిని వాడడు. వాడని చేతికి మెదడులో ఉన్న చోటు తగ్గిపోతూ ఉంటుంది.

చెయ్యి ఎంత తిరిగి వస్తుందో ముందుగా అంచనా కట్టే సంకేతం ఒకటుంది. 2010లో నెదర్లాండ్స్‌లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పక్షవాతం వచ్చిన 72 గంటల్లోపు వేళ్లను కొద్దిగా చాపగలిగి, భుజాన్ని కొద్దిగా పక్కకు ఎత్తగలిగినవాళ్లకు ఆరు నెలలకల్లా చేతిలో ఎంతో కొంత పనితనం తిరిగివచ్చే అవకాశం 98 శాతం. ఆ రెండూ లేనివాళ్లలో 25 శాతం. వేలు చాపడమనే చిన్న కదలికలో అంత సమాచారం ఉంది. అందుకే పరికరాలన్నిటి చూపూ అక్కడే.

బెలూను, ప్లాస్టరు, సన్న తీగ

మెత్తటి రోబో అనగానే ఇనుప చెయ్యి గుర్తు రాకూడదు. పొడవాటి బెలూనుకు ఒక పక్క నిలువునా ప్లాస్టరు అంటించి ఊదితే అది ప్లాస్టరు ఉన్న వైపుకు వంగుతుంది. అవతలి పక్క సాగుతుంది, ఇవతలి పక్క సాగలేదు, అందుకే ఆ వంపు. సిలికాన్ గొట్టం అడుగున సాగని గుడ్డ అతికించి, చుట్టూ దారం బిగించి చేసే గ్లౌజులు పనిచేసేది ఈ సూత్రం మీదే. దారం లేకపోతే గొట్టం లావుగా ఉబ్బి ఊరుకుంటుంది. దారం ఆ ఉబ్బును ఆపి బలాన్నంతా వంపులోకి మళ్లిస్తుంది. 2015లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన గ్లౌజు ఈ రకందే. అందులో గాలికి బదులు నీళ్లు వాడారు. గ్లౌజు బరువు 285 గ్రాములు, నడుముకు కట్టుకునే పంపు, బ్యాటరీల పెట్టె 3.3 కిలోలు. బరువు చేతి మీద కాకుండా నడుము మీద పడేలా పెట్టడం అందులోని మంచి ఆలోచన. గాలి కండరం అన్న ఊహ మాత్రం పాతదే: 1950ల్లో అమెరికాలో జోసెఫ్ మెక్‌కిబెన్ పోలియో సోకిన తన కూతురి చేతి కోసం వాడినది ఇలాంటిదే.

బజారులో దొరికే చవక గ్లౌజులది ఇంకో పద్ధతి. వేలి వీపు మీద హార్మోనియం తిత్తిలా ముడతలున్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. గాలి ఎక్కిస్తే తిత్తి పొడవు సాగి వేలు మడత పడుతుంది, గాలి పీల్చేస్తే తిత్తి కుదించుకుని వేలు చాపుకుంటుంది. అరచేతి సైజు పెట్టెలో చిన్న పంపు, గాలి దారి మార్చే కవాటాలు, బ్యాటరీ ఉంటాయి. పెట్టె నుంచి గ్లౌజుకు సన్న గొట్టాల కట్ట వెళ్తుంది.

మూడో రకంలో గాలి ఉండదు. వేలి కొస నుంచి మణికట్టు మీదుగా సన్న తీగ పోతుంది, ఆ తీగను మోటారు లాగుతుంది. సైకిలు బ్రేకు వైరు ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో తయారైన ఎక్సో గ్లవ్ ఈ కోవలోది. గ్లౌజు పలచగా ఉంటుంది, చేతికి అడ్డం రాదు. కాకపోతే తీగ తన గొట్టంలో రాసుకుంటుంది. దారి మొత్తం మీద 180 డిగ్రీల వంపులుంటే, రాపిడి గుణకం 0.1 అనుకున్నా, మోటారు లాగిన బలంలో నాలుగో వంతుకు పైగా దారిలోనే పోతుంది. మణికట్టు దగ్గర పట్టీ గట్టిగా లేకపోతే తీగ వేలిని చాపడం మాని గ్లౌజునే ముందుకు జరుపుతుంది.

వీటి పక్కనే మోటారు లేని స్ప్రింగు గ్లౌజులున్నాయి. రోగి తానే గుప్పిట మూస్తే స్ప్రింగు తిరిగి తెరుస్తుంది. కరెంటు అక్కర్లేదు, మూసే ప్రయత్నం మనిషిదే. తగిన చేతికి ఇది చవక రోబో గ్లౌజు కన్నా మంచి ఎంపిక కావచ్చు. మన దేశంలో వేలూరు సీఎంసీ, ఐఐటీ మద్రాసు కలిసి చేసిన ప్లూటో మరో దారి పట్టింది. అది తొడుగు కాదు, బల్ల మీద పెట్టే యంత్రం. ఒకే మోటారుకు వేర్వేరు పిడులు మార్చుకుంటూ మణికట్టు, ముంజేయి, వేళ్ల కదలికలను సాధన చేయిస్తారు.

తెరవడం దగ్గరే చిక్కు

గాలి తిత్తి గ్లౌజులో అసలు పరిమితి ప్రకృతి పెట్టింది. గాలి ఎక్కించేటప్పుడు పంపు బలం కొద్దీ ఒత్తిడి పెంచుకుంటూ పోవచ్చు. పీల్చేటప్పుడు అలా కుదరదు. లోపలి గాలి మొత్తం లాగేసినా బయటి వాతావరణ పీడనం 101 కిలోపాస్కళ్లే, అంతకు మించి ఒక్క పిసరు బలం రాదు. తిత్తి లోపలి వ్యాసం 12 మి.మీ. అనుకుందాం, అడ్డుకోత వైశాల్యం సుమారు 113 చదరపు మి.మీ. చిన్న పంపు 60 కిలోపాస్కళ్ల దాకా పీల్చితే పుట్టే లాగుడు 6.8 న్యూటన్లు. అంటే ఒక్కో వేలి మీద 700 గ్రాముల బరువు వేలాడదీసినంత. తిత్తి కణుపు మీద ఒకటిన్నర సెంటీమీటరు ఎత్తులో మాత్రమే ఉంటుంది కాబట్టి, కణుపు దగ్గర తిప్పే శక్తి ఇంకా స్వల్పం. వదులుగా ఉన్న చేతికి ఇది చాలు. బిగువు ఎక్కువున్న చేతిలో వేళ్లు సగం తెరుచుకుని ఆగిపోతాయి, ఆ వెంటనే పంపు నిండు బలంతో మళ్లీ మూసేస్తుంది. మూసుకోవడం ముందే ఎక్కువైన చేతికి మూసుకోవడమే ఎక్కువ సాధన అవుతుంది. రబ్బరు బంతి ఇచ్చి రోజంతా నొక్కించే అలవాటులో ఉన్న పొరపాటు కూడా ఇదే.

బిగువును వైద్యులు ఆష్‌వర్త్ కొలతలో 0 నుంచి 4 వరకు లెక్కిస్తారు; 0 అంటే అదనపు బిగువు లేనట్టు, 4 అంటే కదపలేనంతగా బిగుసుకున్నట్టు. 0, 1 ఉన్న చేతికి తిత్తి గ్లౌజు సాఫీగా పనిచేస్తుంది. 2 దగ్గర వేగం తగ్గించి, ముందుగా చేతిని సాగదీసి వాడాలి. 3, ఆపై ఉంటే ముందు మందులతోనో, కండరాన్ని కొంతకాలం సడలించే బొటులినమ్ ఇంజెక్షనుతోనో, పట్టీతోనో బిగువు దించాలి. గ్లౌజు సంగతి ఆ తర్వాతే.

మణికట్టు కూడా ఈ లెక్కలో ఉంది. చాలా గ్లౌజులు దాన్ని గాలికి వదిలేస్తాయి. మణికట్టు వాలిపోయి ఉంటే వేళ్లు తేలిగ్గా తెరుచుకుంటాయి, చూసేవాళ్లకు గ్లౌజు అద్భుతంగా పనిచేస్తున్నట్టుంటుంది. కానీ వాలిన మణికట్టుతో గ్లాసు పట్టుకోవడం కుదరదు. పని జరగాలంటే మణికట్టు 20 నుంచి 30 డిగ్రీలు పైకి లేచి ఉండాలి. ఆ భంగిమలో వేళ్లు తెరవడానికి ఇంకా ఎక్కువ కష్టపడాలి. అందుకే మణికట్టుకు గట్టి పట్టీ కట్టి, అప్పుడు వేళ్లు ఎంత తెరుచుకుంటున్నాయో చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

కదుపుతున్నది ఎవరు

గ్లౌజు పెట్టె మీద ఉండే బొత్తాల్లో ముఖ్యమైనవి మూడు. ఒకటి, యంత్రం తానే తెరిచి మూసేది. రెండు, అద్దం పద్ధతి: మంచి చేతికి సెన్సారు గ్లౌజు తొడిగి ఆ వేళ్లు కదిపితే పడిపోయిన చెయ్యి అనుకరిస్తుంది. మూడు, ఖరీదైనవాటిలో ఉండే సంకేత పద్ధతి: ముంజేతి మీద ఎలక్ట్రోడ్లు అంటించి, కండరంలో పుట్టే అతి సూక్ష్మమైన విద్యుత్తు పసిగట్టాకే గ్లౌజు కదులుతుంది.

మొదటి పద్ధతి కీళ్లు పట్టేయకుండా కాపాడుతుంది, అదీ అవసరమే. కానీ టీవీ చూస్తూ, కునుకు తీస్తూ యంత్రానికి చెయ్యి అప్పగిస్తే మెదడు నేర్చుకునేది దాదాపు ఏమీ ఉండదు. యంత్రం తెరవబోయే క్షణంలోనే రోగి కూడా 'తెరవాలి' అని బలంగా ప్రయత్నించాలి. ప్రతిసారీ పక్కన కూర్చున్నవాళ్లు 'తెరువు, తెరువు' అని నోటితో చెప్పడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఖరీదైన సంకేత పద్ధతి చేసే పనిలో పెద్ద భాగం ఆ మాటే చేస్తుంది. సంకేత పద్ధతికి మన ఇళ్లలో ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. పడిపోయిన చేతికి రోజూ కొబ్బరినూనె మర్దన చేస్తారు. నూనె చర్మం మీద ఎలక్ట్రోడు అతుక్కోదు, చెమటకు జారుతుంది, గ్లౌజు తనంతట తాను కదలడమో కదలకపోవడమో మొదలెడుతుంది. మర్దన రాత్రికి పెట్టుకుని, గ్లౌజుకు ముందు సబ్బుతో కడిగి బాగా ఆరబెడితే ఈ గొడవ ఉండదు.

పరిశోధనలు ఏం తేల్చాయి

2009లో ఉత్తర అమెరికాలో ఫిజియోథెరపీ సెషన్లను గమనించి లెక్కిస్తే, చేతి పని సాధనలో ఒక సెషనుకు సగటున 32 సార్లు మాత్రమే చేయిస్తున్నారని తేలింది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడు మార్పు కనిపించింది వందల సార్ల దగ్గర. గ్లౌజు 12 సెకన్లకు ఒకసారి తెరిచి మూస్తే అరగంటలో 150 సార్లు, పూటకోసారి చొప్పున రెండు పూటలకు 300. గ్లౌజు అనుకూల వాదనంతా ఈ లెక్కలోనే ఉంది.

అటువైపు కూడా చూడాలి. బ్రిటన్‌లో 770 మందితో జరిగిన రాటుల్స్ పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. అక్కడ వాడినది మెత్తటి గ్లౌజు కాదు, బల్ల మీది గట్టి రోబో. మామూలు చికిత్సతో పోలిస్తే రోబో సాధన చేతి పనితనాన్ని మెరుగుపరచలేదని తేలింది. 45 పరీక్షలను, 1,619 మందిని కలిపి చూసిన 2018 నాటి కోక్రేన్ సమీక్షలో చేతి బలం, కదలిక, రోజువారీ పనులు మెరుగుపడ్డాయి గానీ, ఆ మెరుగు జీవితంలో ఎంత తేడా తెస్తుందన్నది సందేహంగానే మిగిలింది. మెత్తటి గ్లౌజుల మీద జరిగిన పరీక్షలు ఇంకా చిన్నవి. కాబట్టి ఫిజియోథెరపీ మానేసి గ్లౌజు కొనడం తప్పు లెక్క. వారానికి రెండు రోజులే ఫిజియోథెరపీ అందేవాళ్లకు మిగతా ఐదు రోజులూ చెయ్యి ఖాళీగా ఉండకుండా చూడడం సరైన లెక్క.

తొడగడం, నడపడం, చెడేచోట్లు

గోళ్లు కత్తిరించాలి. మోచెయ్యి బల్ల మీద ఆనాలి, ముంజేయి కింద మడత పెట్టిన తువ్వాలు ఉండాలి. భుజం జారిపోయి ఉన్నవాళ్లకు చెయ్యి గాలిలో వేలాడితే గ్లౌజు బరువు భుజాన్ని ఇంకా కిందికి లాగుతుంది. వేడి గుడ్డ పెట్టదలిస్తే మంచి చేత్తో వేడి చూసుకోవాలి, పడిపోయిన చేతికి స్పర్శ తెలియక బొబ్బలెక్కుతాయి.

బిగిసిన చేతికి గ్లౌజు తొడిగేటప్పుడు వేలి కొసలు పట్టి లాగకూడదు. ముందు మణికట్టును కిందికి వంచాలి, గుప్పిట దానంతటదే సడలుతుంది. బొటనవేలిని దాని మొదలు దగ్గర పట్టుకుని బయటికి తీసి, తర్వాత చిటికెనవేలి వైపు నుంచి ఒక్కొక్కటే ఎక్కించాలి. మొదటివారం ఈ పనికే పావుగంట పడుతుంది. వేళ్లు పూర్తిగా దూర్చే గ్లౌజు కన్నా, అరచేతి వైపు తెరిచి ఉండి వేలి కొసలకు టోపీలు మాత్రమే ఉండే రకం నయం. సైజు చూడాల్సింది మణికట్టు గీత నుంచి మధ్యవేలి కొస దాకా కొలిచి.

అందరికీ కనిపించనిది, ఎక్కువ హాని చేసేది ఒకటుంది. గ్లౌజు కాస్త పెద్దదైతే తిత్తి వంపు కణుపు మీద పడదు. అప్పుడు పీల్చినప్పుడు పిడికిలి కణుపు వెనక్కి విరుచుకుంటుంది, నడిమి కణుపు మాత్రం మడిచే ఉంటుంది. చెయ్యి పక్షి పంజాలా కనిపిస్తుంది. వేళ్లు తెరుచుకున్నట్టు భ్రమ కలుగుతుంది గానీ, రోజూ వందలసార్లు ఇలా జరిగితే కణుపును అడుగు నుంచి పట్టి ఉంచే గట్టి పొర సాగిపోతుంది. పక్కనుంచి వంగి చూస్తేనే ఇది తెలుస్తుంది. అలా కనిపిస్తే చిన్న సైజుకు మారాలి, లేదా పీల్చే బలం తగ్గించాలి.

మొదట 10 నిమిషాలు, అత్యంత నెమ్మది వేగం. తీశాక చర్మం చూడాలి. ఎర్రని గుర్తు అరగంటలో పోకపోతే మర్నాడు ఆపాలి. చెయ్యి వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే, గాయముంటే, విరిగిన ఎముక ఇంకా అతకకపోతే గ్లౌజు తొడగకూడదు. గ్లౌజు తీసిన వెంటనే పది పదిహేను నిమిషాలు నిజమైన పని చేయించాలి: చింతపిక్కలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలో వెయ్యడం, తువ్వాలు మడత విప్పడం, స్టీలు గ్లాసు పట్టుకుని వదలడం. వదలడమే ముఖ్యం.

డెల్టా గాలి, డెల్టా పనులు

గోదావరి జిల్లాల ఉక్కలో గ్లౌజు లోపల చెమట ఆరదు. మధుమేహం ఉన్నవాళ్లకు వేళ్ల సందుల్లో పుండు పడుతుంది, గుడ్డకు బూజు పడుతుంది. లోపల పలచని నూలు తొడుగు వేసి, దాన్ని రోజూ ఉతకడం తేలిక. తీరం దగ్గరి ఉప్పు గాలికి పెట్టెలోని కవాటాల కొసలు చిలుమెక్కుతాయి, గొట్టాల్లో తేమ నిలుస్తుంది. వాడాక గ్లౌజు విప్పేసి, ఒట్టి పంపును రెండు నిమిషాలు నడిపితే ఆ తేమ పోతుంది. వేలు తెరుచుకోవడం మందగిస్తే పంపు పోయిందనుకునేముందు గాలి కారుతోందేమో చూడాలి. సబ్బు నురగ బ్రష్షుతో గొట్టాల అతుకుల మీద రాసి గాలి ఎక్కిస్తే బుడగ వచ్చినచోటే చిల్లు, పంక్చరు షాపులో ట్యూబు చూసే పద్ధతే. పెట్టె ఏళ్లు నిలుస్తుంది, గ్లౌజు నెలల్లో అరుగుతుంది. గ్లౌజు విడిగా దొరకని కంపెనీ సరుకు కొంటే మొత్తం పారేయాల్సి వస్తుంది.

గ్లౌజు ఏం ఇవ్వలేదో ఇక్కడి పనుల్లో బాగా కనిపిస్తుంది. బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా తిరిగి వచ్చి ఆనడంలోనే పట్టు ఉంది. చాలా గ్లౌజులు బొటనవేలిని ఒకే దిశలో మడుస్తాయి, ఎదురు తిప్పవు. గ్లాసు పట్టుకోవడానికి ఆ మాత్రం సరిపోవచ్చు. నర్సాపురం లేసు అల్లేవాళ్లకు క్రోషియా సూది పట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మిల్లీమీటర్లలో ఉంటుంది, అది గ్లౌజుతో రాదు. అన్నం కలిపి ముద్ద చెయ్యడంలో ఐదు వేళ్లూ ఒక్కోటి ఒక్కో ఒత్తిడితో కదులుతాయి, పైగా వేలి కొసకు స్పర్శ తెలియాలి. గ్లౌజు ఆ కొసలనే కప్పేస్తుంది. అందుకే రోజువారీ పనికి సహాయంగా కన్నా, సాధన పరికరంగానే దీన్ని చూడాలి.

లంక గ్రామాల వాళ్లకు దూరమే పెద్ద ఖర్చు. కోటిపల్లి రేవు దాటి కాకినాడకో, పంటు మీద నర్సాపురానికో రోజూ వెళ్లి రావడం రోగికీ తోడు వచ్చేవాళ్లకీ కుదరదు, జులై ఆగస్టుల్లో వరద వస్తే వారాలపాటు దారే ఉండదు. అలాంటిచోట్ల ఒక పంపు పెట్టెను నలుగురు పంచుకోవడానికి అడ్డేమీ లేదు, అరగంట చొప్పున రెండు పూటలా నలుగురికి నాలుగు గంటలే. గ్లౌజు మాత్రం ఎవరిది వాళ్లకే ఉండాలి. వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు కోసం ఒక నోటు పుస్తకంలో తేదీ, ఎన్ని నిమిషాలు, గ్లౌజు తీశాక సొంతంగా చూపుడువేలు బల్ల మీద నుంచి ఎన్ని మిల్లీమీటర్లు లేచింది అన్న మూడు గడులు రాస్తే చాలు. ఆరు వారాలకు ఆ మూడో గడిలో అంకె కదలకపోతే పెట్టెను ఇంకొకరికి ఇచ్చేయవచ్చు.